ఏ కరగడం?

జూన్ 3, సోమవారం

మా ఆఫీసు పెట్టే సైన్సు పరీక్ష మీద అర్జీ వచ్చింది. ఫలితాలు ఇచ్చి అయిదు రోజులు కూడా కాలేదు. ఎక్కడో ఒక హైస్కూలు టీచరమ్మ పదిహేను మంది తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించి పంపింది. ఇరవై ఏడో ప్రశ్నకు మేమిచ్చిన జవాబు ఒక్కటే సరైనది కాదట.

ఇరవై ఏడో ప్రశ్న నాది.

ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు. పేపరు మీద ప్రశ్నకు నంబరే ఉంటుంది, రాసినవాడి పేరు ఉండదు. పేర్లు బీరువాలో ఉన్న రిజిస్టరులో ఉంటాయి. పేరు చూసి ప్రశ్నను మోయడమో తిట్టడమో జరగకూడదని పెట్టిన పద్ధతి అది. మంచి పద్ధతి.

నా కళ్ళతో నేనే మళ్ళీ చూసుకోవడానికి దాన్ని ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"కింది వాటిలో కరగడానికి అన్నిటికంటే ఎక్కువ వేడి కావలసినది ఏది? (ఎ) ఐసు (బి) మైనం (సి) ఉప్పు (డి) వెన్న."

జవాబు ఉప్పు. ఉప్పు కరగాలంటే ఎనిమిది వందల డిగ్రీలు దాటాలి. ఇందులో తప్పెక్కడుంది? మైనం అని పెట్టినవాళ్ళు పాఠం చదవలేదు, అంతే.

ఇరవై ఒక్క ఏళ్ళు. నాలుగు వందల పన్నెండు ప్రశ్నలు. ఒక్కదాని మీద కూడా ఇంతవరకు ఎవరూ వేలు పెట్టి చూపలేదు. నేనెప్పుడూ ఎవరి మాటా పెడచెవిన పెట్టలేదు కూడా.

జూన్ 4, మంగళవారం

సున్నా గారి గది మీదుగా రెండుసార్లు వెళ్ళాను. పని ఉండి కాదు.

ఆవిడ అసలు పేరు ఆఫీసులో ఎవరి నోటికీ రాదు. ఏది అడిగినా "సున్నా పాయింట్ నాలుగు రెండు", "సున్నా పాయింట్ మూడు ఒకటి" అని మొదలుపెడతారు కాబట్టి సున్నా గారయ్యారు. పధ్నాలుగేళ్ళుగా గణాంకాల గదిలో అదే కుర్చీ. ఆ పేరు పెట్టింది నేనే, వెక్కిరింతగానే పెట్టాను. అది ఆవిడ చెవిన పడ్డ రోజు నన్ను ఆపి, "నేను పక్కన నిలబడితే ఏ అంకె విలువైనా పదింతలవుతుంది కదా మాస్టారూ," అన్నారు నవ్వుతూ.

మనిషి సంగతి ఎలా ఉన్నా పని మాత్రం చూసి తీరాలి. లక్షా ఎనభై వేల మంది పిల్లల జవాబులు యంత్రం నుంచి ఆవిడ బల్ల మీదికి వస్తాయి. వాళ్ళను మొత్తం మార్కుల ప్రకారం అయిదు మెట్లుగా విడగొడతారు. వెనకబడ్డవాళ్ళు కింది మెట్టు, బాగా చదివేవాళ్ళు పై మెట్టు. తరవాత ఒక్కో ప్రశ్ననూ ఏ మెట్టులో ఎంతమంది సరిగ్గా చేశారో చూసి గీత గీస్తారు. మంచి ప్రశ్నకు ఆ గీత మెట్లెక్కుతుంది. ఎనభై ప్రశ్నలకూ ఎనభై గీతలు, పెన్సిలుతో, చేత్తో. యంత్రం గీసిపెడుతుంది కదా మేడమ్ అంటే, "గీస్తే కానీ నాకు కనపడదు మాస్టారూ," అంటారు. పిల్లలను ఎన్నడూ చూడకుండానే, ఏ ప్రశ్న దగ్గర వాళ్ళు ఎందుకు ఆగిపోయారో కనిపెట్టే మనిషి. ఇలాంటి పనిమంతురాలు ఈ ఆఫీసులో ఇంకొకరు లేరు. ఈ ముక్క డైరీలోనే అనగలను.

రెండోసారి వెళ్ళినప్పుడు బల్ల మీద ఇరవై ఏడో గీత ఉంది. నేను చూడలేదు.

జూన్ 5, బుధవారం

చూశాను. గీత దిగుతోంది.

జూన్ 7, శుక్రవారం

డైరెక్టరు గారు గదికి పిలిచారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వెళ్ళగానే "ఆ అర్జీలో పస లేదండీ," అన్నాను. ఆయన పిలిచింది అందుకు కాదు.

"అర్జీ సంగతి పందొమ్మిదిన మీటింగులో చూద్దాం. అదే రోజు ప్రశ్నల కమిటీకి కొత్త పెద్దను వెయ్యాలి. నా మనసులో మీరే ఉన్నారు. ఇన్నేళ్ళలో ఒక్క మచ్చ లేదు, ఇంకెవరికి ఇస్తాను?" అన్నారు.

ఇంటికి నడిచే వచ్చాను. రెండు మైళ్ళు ఎలా నడిచానో తెలియలేదు. ఈ కుర్చీ కోసం నేను ఎంత ఎదురుచూశానో మా ఆవిడకు తెలుసు, ఇంకొకరికి తెలుసు. ఆ ఇంకొకరు జీవశాస్త్రం ఆయన. మేమందరం ఆయన్ని డిక్షనరీ అంటాం. ఆయనా ఆ కుర్చీ కోసమే ఎదురుచూస్తున్నాడు. పరీక్ష పేపరులో పెద్ద పెద్ద శాస్త్ర పదాలే ఉండాలంటాడు. నేను తేట తెలుగు ఉండాలంటాను. పదహారేళ్ళుగా మా ఇద్దరికీ అదే యుద్ధం. "ద్రవీభవనం అని రాయవయ్యా, శాస్త్రానికి ఒక మర్యాద ఉంది," అని ఆయన. "పిల్లకాయలు పరీక్ష రాయాలా, నిఘంటువు నమలాలా?" అని నేను. నేనే గెలుస్తూ వచ్చాను. కరగడం అని రాసింది అందుకే.

మా ఆవిడకు కుర్చీ సంగతి చెప్పాను. అర్జీ సంగతి చెప్పలేదు.

జూన్ 8, శనివారం

సున్నా గారు సోమవారం ఏదో హైస్కూలుకు వెళ్తున్నారట. ఈ ఏడు పరీక్ష రాయని తొమ్మిదో తరగతి పిల్లల చేత ఇరవై ఏడో ప్రశ్న చదివించి వింటారట. వినడమేమిటి? ప్రశ్న అంటే కచేరీయా?

నేనూ వస్తానన్నాను. పిల్లలు సరిగ్గా చదవరని ఆవిడకు ఎదురుగానే రుజువు చెయ్యాలి.

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "రండి మాస్టారూ. కానీ మాట్లాడకూడదు," అన్నారు.

జూన్ 10, సోమవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. రేపటికి నేను నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

సైన్సు గదిలో కూర్చోబెట్టారు. పొడుగు బల్లలు, ఎత్తు స్టూళ్ళు, గాజు బీరువాలో సీసాలు. సున్నా గారు ముందు చేతి గడియారం తీసి సంచిలో వేసేశారు. ఎందుకని కళ్ళతోనే అడిగాను. "గడియారం కనపడితే పిల్లలు పరుగెత్తుతారు," అన్నారు. తరవాత తన స్టూలును పిల్ల కూర్చునే స్టూలు పక్కకు లాక్కున్నారు. ఎదురుగా కూర్చోరట. ఎదురుగా కూర్చుంటే టీచరు, పక్కన కూర్చుంటే తోడు.

మొదటి పిల్ల రాగానే అన్నారు. "నాకు తప్పొప్పులు అక్కర్లేదమ్మా. ఇది చదువుతూ నీ లోపల ఏమనుకుంటావో అదే పైకి అను. పిచ్చిమాటైనా సరే."

ఆ పిల్ల చదివింది. "ఐసు... ఊరికే కరుగుతుంది. ఉప్పు... అదీ ఊరికే కరుగుతుంది." నేను గొంతు సవరించుకున్నాను. పిల్ల వెంటనే నా మొహం చూసి, "కాదా?" అంది.

సున్నా గారు లేచి వచ్చి నా స్టూలును గోడవైపు తిప్పారు. "మాస్టారూ, మీ మొహం జవాబులు చెప్పేస్తోంది. కాసేపు గోడను చూడండి." యాభై మూడేళ్ళ వాణ్ణి, అల్లరి చేసిన పిల్లాడిలా గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఒళ్ళు మండిపోయింది. కానీ మొహాలు కనపడకపోయేసరికి మాటలు వినపడటం మొదలుపెట్టాయి.

పదకొండు మంది వచ్చారు. ఆవిడ ఒక్కరికి కూడా ఊఁ కొట్టలేదు, భేష్ అనలేదు, అయ్యో అనలేదు. పిల్లలు ఆగినప్పుడు మాత్రం, "ఇప్పుడేమనుకుంటున్నావు?" అంతే. ఒక్కొక్కరి దగ్గరా అదే గొంతు, అదే నిదానం. నిండుకుండ అంటే ఏమిటో ఆ రెండు గంటలూ నాకు తెలిసింది. నేనైతే మూడో పిల్లకే కీ చెప్పేసి ఉండేవాణ్ణి.

ఒకడు అన్నాడు. "ఉప్పు చేతిలో పట్టుకుంటే చెమటకే కరుగుతుంది. దానికి వేడెందుకు? కాబట్టి మైనం."

ఇంకో పిల్ల, "వెన్న కంటే మైనం గట్టిది. ఉప్పు లెక్కలోకి రాదు, అది నీళ్ళకి కరిగేది కదా."

తొమ్మిదో పిల్ల బొంగురు గొంతుది. ప్రశ్న ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. అక్కడే ఆగింది. సున్నా గారు అడిగారు, ఇప్పుడేమనుకుంటున్నావని.

"ఏ కరగడం?" అంది.

నాకు ఆగలేదు. వెనక్కి తిరిగాను. "కరగడానికి మళ్ళీ రకాలేమిటమ్మా?"

సున్నా గారు నన్ను ఆపలేదు. ఆ పిల్ల కూడా బెదరలేదు, నాకే పాఠం చెప్పింది. "రెండున్నాయి కద్సార్. నీళ్ళలో కలిసిపోవడం ఒకటి, వేడికి నీరైపోవడం ఒకటి. మా పుస్తకంలో రెండో దాన్ని ద్రవీభవనం అన్నారు. అదే అడగాలనుకుంటే ఆ మాటే రాసేవారు కదా. కరగడం అన్నారు కాబట్టి మొదటిదే అయ్యుండాలి. పేపరు రాసేవాళ్ళు బాగా చదువుకున్నవాళ్ళు కదా సార్, ఊరికే మార్చి రాయరు."

బాగా చదువుకున్నవాళ్ళు మళ్ళీ గోడవైపు తిరిగారు.

పదకొండు మందిలో తొమ్మిది మంది మైనమే అన్నారు. ఉప్పు అన్న ఇద్దరిలో ఒకడు, "ఏమీ తోచకపోతే నేను సి పెడతాను, అందుకని," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో సున్నా గారు గెలిచిన మొహం పెట్టలేదు. "ఆ బొంగురు గొంతు పిల్ల ఎంత బాగా ఆలోచించింది కదా మాస్టారూ," అన్నారు. అంతే అన్నారు.

జూన్ 11, మంగళవారం

పదకొండు మంది లోకం కాదు.

జూన్ 12, బుధవారం

లోకం కాదు సరే. లక్షా ఎనభై వేల మంది గీత కూడా అదే చెబుతోంది కదా. బాగా చదివే పిల్లలు పుస్తకంలో మాట పట్టుకుని మైనం దగ్గరికి వెళ్ళారు. చదవని పిల్లలు కళ్ళు మూసుకుని వేలు పెట్టారు, నాలుగింట ఒకరికి ఉప్పు తగిలింది. అందుకే గీత మెట్లు దిగింది.

మా ఆవిడ ముందుగదిలో మిషను మీద బట్టలు కుడుతుంది. ఇరవై మంది కొలతలు నోటికి వచ్చు. ఆగలేక అర్జీ సంగతి చెప్పేశాను. ప్రశ్న సరైనదే, పిల్లలే అడ్డంగా అర్థం చేసుకున్నారని చెప్పాను. దారం నోట్లోంచి తియ్యకుండానే అంది.

"ఏవండీ, చొక్కా బిగుతైతే నేను ఒళ్ళు తగ్గించుకోమంటానా?"

"నీ కుట్టుపనికీ నా పనికీ పోలికేమిటే?"

"ఏముంది, ఇద్దరిదీ కొలిచే పనే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడకండి."

అన్నం తినకుండా లేచిపోదామనుకున్నాను. ఆకలేసి తినేశాను.

జూన్ 14, శుక్రవారం

సున్నా గారు నా గదికి వచ్చారు. పధ్నాలుగేళ్ళలో నా గదికి రావడం ఇదే మొదలు. తలుపు దగ్గరకు వేశారు, చేతిలో ఉన్న ఫైలు లోంచి ఒక చీటీ తీసి నా బల్ల మీద పెట్టారు.

ఇన్ని రోజులూ ఈ చీటీ గురించి రాయకుండా తప్పించుకున్నాను. ఇక రాస్తాను.

ఏ ప్రశ్ననైనా అచ్చుకు పంపేముందు మూడు వందల మంది పిల్లల మీద పెట్టి చూస్తాం. ఇరవై ఏడో ప్రశ్ననూ కిందటి అక్టోబరులో అలాగే పెట్టారు. అప్పుడే గీత దిగింది; గీత దిగితే ఆవిడ లెక్కలో అంకె ముందు మైనస్ పడుతుంది. అప్పుడే ఆవిడ ఈ చీటీ రాసి నాకు పంపారు. "27. మైనస్ సున్నా పాయింట్ ఒకటి ఎనిమిది. బాగా చదివే పిల్లలే ఇక్కడ తప్పుతున్నారు. దయచేసి మాట చూడండి."

దాని కింద నా చేతిరాత ఉంది. "మాట సరిగ్గానే ఉంది. పిల్లలే సరిగ్గా చదవలేదు." సంతకం. తేదీ.

రాసి తిప్పి పంపడానికి నాకు అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ అర నిమిషం నాకు బాగా గుర్తుంది. డిక్షనరీ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. మాట చూడండి అన్న ముక్క ఆయన కంట పడకూడదని చీటీ మీద చెయ్యి అడ్డం పెట్టి రాశాను. పిల్లల గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేనెప్పుడూ ఎవరి మాటా పెడచెవిన పెట్టలేదని పదకొండు రోజుల కిందట ఇదే పుస్తకంలో రాసుకున్నాను. సిగ్గుగా ఉంది.

సున్నా గారు కూర్చోలేదు. "పందొమ్మిదిన ఇది ఫైల్లో ఉండాలి మాస్టారూ. మీరు పెడతారా, నన్ను పెట్టమంటారా?" అన్నారు.

"మీరు అప్పుడే డైరెక్టరుకు చెప్పి ఉండవచ్చు కదా," అన్నాను. దొరికినవాడి తెలివి.

"అవును, చెప్పాల్సింది. మీ సంతకం చూసి, ఇన్నేళ్ళ మనిషి, నాకు తెలియనిది ఆయనకేదో తెలిసి ఉంటుందిలే అనుకున్నాను. అది నా తప్పు. ఆ ముక్క కూడా నేను మీటింగులో చెబుతాను." గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "ఈ పరీక్షలో ఎనభైకి అరవై వస్తేనే సైన్సు గ్రూపులో సీటు. యాభై తొమ్మిది దగ్గర ఆగి, ఇరవై ఏడుకి మైనం పెట్టినవాళ్ళు ఆరు వందల నలభై మూడు మంది. చేరడానికి గడువు నెలాఖరు."

చీటీ అక్కడే వదిలేసి వెళ్ళారు. నకలు తీసుకున్నారో లేదో చెప్పలేదు. నేను అడగలేదు. అడగడానికి మొహం లేదు.

జూన్ 15, శనివారం

చీటీ చొక్కా జేబులో ఉంది.

జూన్ 16, ఆదివారం

మనసులో పుట్టిన లెక్కలు దాచకుండా రాస్తాను. చీటీ లేకపోతే ఉన్నది ప్రశ్న ఒక్కటే. శాస్త్రం ప్రకారం ఉప్పు సరైన జవాబే. అర్జీ కొట్టేస్తారు. కుర్చీ నాది. ఆవిడ మీటింగులో చెబుతారు, కానీ కాగితం లేని మాటకు విలువేముంది? నేను కాదంటే ఎవరి మాట నెగ్గుతుంది? నాదే. ఇరవై ఒక్క ఏళ్ళ మచ్చలేని వాణ్ణి కదా.

ఆవిడకు ఈ లెక్క తెలియదా? గణాంకాల మనిషికి తెలియకపోవడమేమిటి. అన్నీ తెలిసే చీటీ నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. నన్ను అంత నమ్మినవాళ్ళు నా జీవితంలో ఎవరున్నారని పొద్దుటి నుంచి వెతుక్కుంటున్నాను.

నాకు ఈ పరీక్ష అంటే ఎందుకు ఇష్టమో ఎవరైనా అడిగితే ఒకటే చెప్పేవాణ్ణి. ఇది మొహం చూడని పరీక్ష. ఒకే రోజు, ఒకే గంటకు, వెయ్యి బళ్ళలో అదే కాగితం విప్పుతారు. డబ్బున్న పిల్లకీ లేని పిల్లకీ అదే ప్రశ్న. టీచరు ముద్దు చేసే పిల్లకీ, చివరి బెంచీలో ఎవరికీ గుర్తుండని పిల్లకీ అదే ప్రశ్న. ఇంతకంటే న్యాయమైన వస్తువును మనుషులు తయారుచెయ్యలేదని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం. కానీ అలాంటి దాంట్లో ఒక మాట తప్పు పడితే అది కూడా ఒకే గంటకు వెయ్యి బళ్ళలో పడుతుంది.

జూన్ 17, సోమవారం

డిక్షనరీ మెట్ల మీద ఎదురయ్యాడు. "ఏవయ్యా తేటతెలుగూ, పెద్దవాడివి కాబోతున్నావటగా," అన్నాడు. నవ్వాను. తేలు కుట్టిన దొంగ నవ్వు ఎలా ఉంటుందో ఎవరైనా చూడాలంటే నన్ను చూడాల్సింది.

జూన్ 18, మంగళవారం

చొక్కా ఉతకడానికి వేస్తూ మా ఆవిడ జేబులో చీటీ చూసింది. చదివింది. తిరిగి మడిచి, రేపు వేసుకోవాల్సిన చొక్కా జేబులో పెట్టింది.

జూన్ 19, బుధవారం

తొమ్మిది మంది ఉన్నారు. పొడుగు బల్ల, ఒకదాని పక్కన ఒకటి నీళ్ళ గ్లాసులు. మొదటి అంశం అర్జీ.

డైరెక్టరు గారు ప్రశ్న చదివి, "శాస్త్రం ప్రకారం ఉప్పే కదండీ. కొట్టేద్దామా?" అన్నారు.

డిక్షనరీ అందుకున్నాడు. "కొట్టేద్దాం. కానీ ఒక మాట. ద్రవీభవనం అని ఉంటే ఈ గొడవే లేదు. ఎవరు రాశారో మరి." ఎవరు రాశారో తెలియనట్టు పైకప్పు చూశాడు.

సున్నా గారు తన కాగితాలు సర్దుకున్నారు. నా వైపు చూడలేదు. ఆవిడ చూసి ఉంటే, ఆ చూపుకు భయపడి చెప్పానని తరవాత అనుకునేవాణ్ణి. ఆ దారి కూడా లేకుండా చేశారు.

లేచాను. "ఆ ప్రశ్న నాది," అన్నాను. డైరెక్టరు గారు చెయ్యి అడ్డం పెట్టారు. "పేర్లు వద్దండీ, పద్ధతి కాదు."

"పద్ధతి ప్రశ్నను కాపాడటానికండీ, నన్ను కాపాడటానికి కాదు." చీటీ తీసి చదివాను. ఆవిడ రాసింది చదివాను. నేను రాసింది చదవబోయి ఆగాను. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను. "మాట సరిగ్గానే ఉంది. పిల్లలే సరిగ్గా చదవలేదు." తరవాత బొంగురు గొంతు పిల్ల నాకు చెప్పిన పాఠం తొమ్మిది మందికీ చెప్పాను. కరగడాలు రెండున్నాయని చెప్పాను. నీళ్ళలో కరగడం అనుకుంటే ఉప్పు పక్కకుపోయి మైనమే మిగులుతుందని, అది కూడా సరైన జవాబేనని చెప్పాను.

అప్పుడు సున్నా గారు లేచారు. అక్టోబరులో తాను పైకి చెప్పకపోవడం తప్పేనన్నారు, అది మినిట్సులో రాయమన్నారు. ఆ తరవాత అంకెలు. అయిదు మెట్లు, దిగిన గీత, ఆరు వందల నలభై మూడు. రెండు జవాబులకూ మార్కు ఇస్తే ఒక్క పిల్లకీ నష్టం లేదు, ఉన్న మార్కు ఎవరిదీ పోదు. కూర్చుంటారనుకున్నాను. కూర్చోలేదు.

"ఇంకో అంకె కూడా రాయాలి. ఈయన రాసినవి నాలుగు వందల పన్నెండు. నేను రాకముందువి కూడా కలిపి అన్నిటి గీతలూ నేనే గీశాను. దిగింది ఇదొక్కటే. ద్రవీభవనం అని రాసినంత మాత్రాన ప్రశ్న మంచిదైపోదు, ఈయన తెలుగు తప్పు కాదు. నీళ్ళు తగలకుండా అని రెండు ముక్కలు తక్కువయ్యాయి, అంతే."

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. డిక్షనరీ చూశాడు. చూసి, ఎగతాళి చెయ్యలేదు. తన గ్లాసు నా వైపు జరిపాడు. పదహారేళ్ళ యుద్ధంలో శత్రువు మంచినీళ్ళివ్వడం ఇదే మొదలు.

రెండు జవాబులకూ మార్కు ఇవ్వాలని తీర్మానం అయింది.

రెండో అంశం కుర్చీ. డిక్షనరీకి ఇచ్చారు. నన్ను రెండేళ్ళపాటు ప్రశ్నలు రాయవద్దన్నారు. న్యాయమే. న్యాయమైనంత మాత్రాన నొప్పి ఉండదని కాదు. చాలా నొప్పిగా ఉంది.

జూన్ 20, గురువారం

మా ఆవిడకు చెప్పాను. "కుర్చీ పోయింది," అన్నాను. "ఇంట్లో నాలుగున్నాయి, ఏదైనా తీసుకోండి," అంది. అని, మిషను ఆపేసి నా పక్కన కూర్చుంది.

జూన్ 24, సోమవారం

సవరించిన జాబితా బయటికి వెళ్ళింది. జనం ఫోన్ల మీద ఫోన్లు. చేతిలో పని లేనివాణ్ణి నేనే కాబట్టి ఫోన్ల గదిలో వేశారు. పొద్దుటి నుంచి నూటికి పైగా ఎత్తాను. సగం మంది సంతోషం, సగం మంది తిట్లు. తిట్లు వింటున్నప్పుడే కాస్త నెమ్మదిగా ఉంది.

మధ్యాహ్నం సున్నా గారి గదిలోకి వెళ్ళి, నా మిగతా నాలుగు వందల పదకొండు గీతలూ చూపించమన్నాను. ఎందుకని అడగలేదు. అట్టపెట్టెలు దింపి, తన స్టూలు పక్కన ఇంకో స్టూలు వేశారు. ప్రతి కాగితం మీద, ఏ ప్రశ్న దగ్గర పిల్లలు ఎందుకు తడబడి ఉంటారో ఆవిడ పెన్సిలు రాత ఉంది. పధ్నాలుగేళ్ళుగా ఆవిడ నా ప్రశ్నలను నాకంటే శ్రద్ధగా చదివారు. నేను ఆవిడకు ఒక పేరు పెట్టి ఊరుకున్నాను. అదే చెప్పాను, క్షమించమన్నాను.

"పేరు బాగుంది మాస్టారూ, ఉండనివ్వండి," అన్నారు.

జూన్ 28, శుక్రవారం

ఈ రోజు ఒక ఫోను. తల్లి గొంతు. పనిలోంచి ఇంటికి పరుగెత్తుకొచ్చి చేసినట్టు ఆయాసపడుతోంది.

"మా అమ్మాయికి అరవై అయిందంటున్నారండీ. నిజమేనా? మళ్ళీ మార్చరు కదా?"

నంబరు చూశాను. యాభై తొమ్మిది అరవై అయింది. "నిజమేనమ్మా. మార్చరు. ఈ రోజే వెళ్ళి చేర్పించండి."

అవతల ఏడుస్తోందని తెలిసింది. "ఫలితాలొచ్చిన రోజు నుంచీ చెబుతూనే ఉందండీ, నేను రాసింది తప్పు కాదమ్మా అని. నేనే నమ్మలేదు. అచ్చులో పడ్డదానికంటే నీకెక్కువ తెలుసా అని అరిచాను. నెల రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మీరు ఒక్క మాట దానితో చెబుతారా? నేను చెబితే వినదు."

ఫోను చేతులు మారింది. "ఆఁ," అంది ఒక పిల్ల.

చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఒకటే వచ్చింది. "ఆ ప్రశ్న రాసింది నేనమ్మా. నువ్వు రాసింది సరైనదే. నేను అడిగిందే సరిగ్గా లేదు."

"నాకు తెలుసండీ," అంది.

కోపంగా అనలేదు. ఉన్న సంగతి అన్నట్టు అంది. నెల రోజులు ఇంట్లో అమ్మ, బయట లోకం, అచ్చులో మా జవాబు, అన్నీ ఒకవైపు ఉంటే ఆ పిల్ల ఒక్కతే ఒకవైపు నిలబడింది. ఆ పిల్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

"మరి ముందే ఎందుకు చూసుకోలేదండీ?" అని అడిగింది.

"చూడమని ఒకావిడ చెప్పారమ్మా. నేను వినలేదు."

ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను. ఊపిరి వినపడుతోంది.

"పోనీలెండి," అంది. "ఇప్పుడు విన్నారుగా."